ఇరవై తిప్పుల పాట

మా ఊరి గంగమ్మ జాతరకు ఈ ఏడు గుడి కమిటీ వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. రంగుల అట్ట, నున్నటి కాగితం. అందులో మా ఊరి ఆడపిల్లల కోలాటం గురించి రెండు పేజీలున్నాయి. అమ్మవారి ముందు వేసే మూడు చుట్లలో మొదటి చుట్టు ఒకే వేగంతో సాగడం, దాని చివర ఒక పిల్ల తన చేతి కోలను నేలకు వదలడం, తరువాతి రెండు చుట్లలో పాటా ఆటా కలిసి మెల్లమెల్లగా నిదానించి ఆగిపోవడం రాజుల కాలం నుంచి వస్తున్న ఆచారాలని రాశారు. మొదటి చుట్టు సృష్టికి, కోల వదలడం భూదేవికి, నిదానించడం లయానికి గుర్తులట. రాసినతను మా ఊరి బడిలో పనిచేసే కుర్ర ఉపాధ్యాయుడు. చక్కగా రాశాడు. ఒక్క తప్పక్షరం లేదు. కానీ ఆ ఆచారం రాజుల కాలంనాటిది కాదు. దాని వయసు నాకు తెలుసు, ఎందుకంటే అది నాకంటే చిన్నది. అది పుట్టిన చోటు తిరుపతిలో ఒక రిపేరు అంగడి. పుట్టించిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇది మొదటి నుంచి చివరిదాకా తెలిసినవాళ్లు ఒకప్పుడు అయిదారుగురు ఉండేవాళ్లు. ఇప్పుడు నేనూ, నా స్నేహితురాలు వల్లెమ్మా మిగిలాం. వల్లెమ్మ నవ్వి ఊరుకునే మనిషి. నేను అట్లా ఊరుకోలేను. బడి మానేశాక నాకు చదువు చెప్పింది గ్రంథాలయమే కాబట్టి, అచ్చులో పడిన మాటను అచ్చులోనే సరిచేయాలని నాకొక పట్టుదల. అందుకే ఇది రాయక తప్పడం లేదు.

మా ఊరు సత్యవేడుకు కొంచెం ఎడంగా, తమిళం మాట్లాడే పల్లెలకూ తెలుగు మాట్లాడే పల్లెలకూ నడుమ ఉంటుంది. ఏడో తరగతి తరువాత పైతరగతుల బడి దూరమని నన్ను మాన్పించారు. నాయన దానికి బాధపడ్డాడో లేదో నాకు తెలియదు. ఆయన నోరు తెరిచి ఏదీ చెప్పే మనిషి కాదు. కానీ సంతకు పోయిన ప్రతిసారీ సత్యవేడు శాఖా గ్రంథాలయం మెట్లెక్కి, నేను చీటీ మీద రాసిచ్చిన పేర్లు చూపించి పుస్తకాలు తెచ్చేవాడు. అడిగినవి లేకపోతే అక్కడి సుబ్రమణ్యం సారు తనకు తోచినవి ఇచ్చి పంపేవాడు. అట్లా నేను కథలతోపాటు తేనెటీగల పెంపకం, రోమను చక్రవర్తులు, పశువుల గాలికుంటు జబ్బు గురించి కూడా చదివాను. ఒకసారి అట్ట ఊడిపోయిన ఒక పాత సైన్సు పుస్తకం వచ్చింది. ధ్వని ఎట్లా పుడుతుంది, గ్రామఫోను ఎట్లా పాడుతుంది అని బొమ్మలతో సహా అందులో ఉంది. మా ఊళ్లో ఎవరింట్లోనూ గ్రామఫోను లేదు. అయినా ఆ పేజీలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఊళ్లో నన్ను ‘సదువుల సరోజ’ అనేవాళ్లు. ఎగతాళిగానే అనేవాళ్లు. నాకు మాత్రం బిరుదులాగే వినిపించేది.

పగలంతా మా ఇంటి వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేవాళ్లం. చెనక్కాయల దుమ్ము, పచ్చి పప్పు వాసన, పొయ్యి మీద సంగటి ఉడికే వాసన కలిసి ఉండేవి. మా జేజి, అంటే నాయనకు అమ్మ, గడప దగ్గర కూర్చుని ఆకూవక్కా నములుతూ మాలో ఎవరి గుట్ట ఎంత పెరిగిందో ఓ కంట చూస్తుండేది. బొటనవేలి గోరు చివర పగిలితే పసుపు అద్ది ‘ఇంగ ఒలువు’ అనేది. వల్లెమ్మ అక్కడే నా పక్కన కూర్చునేది. ఒలిచేటప్పుడు ఒక చేతిలో పప్పు, ఇంకో చేతిలో పొట్టు పట్టుకుని రెంటినీ ఎప్పుడూ తారుమారు చేసేది. ఆమె చేతులకు చెమట ఎక్కువ.

జాతరలో అమ్మవారి ముందు కోలాటం అప్పటిదాకా మగపిల్లలే వేసేవాళ్లు. వాళ్లు ఒక్కొక్కరే మద్రాసు దారిలోని ఫ్యాక్టరీలకు పనికి పోయారు. ఒక ఏడు కోలలు పట్టడానికి సరిపడా జతలు మిగల్లేదు. కోలాటం నేర్పే మునుస్వామి గురువు సరిహద్దు అవతల నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఆడపిల్లలకు నేర్పిస్తానని ఆయనే అన్నాడు. ఊరిపెద్ద చెంగల్రాయుడికి అది మింగుడు పడలేదు. ముందుకొచ్చిన మా ఎనిమిదిమందినీ, నన్నూ వల్లెమ్మనూ కలిపి, వరుసగా నిలబెట్టి, మాతో కాకుండా గురువుతో మాట్లాడాడు.

“ఆడపిల్లోళ్ల చేతికి కోలలిస్తానంటావు. ఇయ్యి, వొద్దనను. ఒక్క మాట ఇను గురువా. అమ్మ ముందర ఆట సెడిందంటే వచ్చే ఏటికి పక్కూరోళ్లను పిలిపిస్తా. మళ్లా ఈ ఊళ్లో ఆడబిడ్డ కోల పట్టేది ఉండదు.”

“సెడదు రాయుడన్నా,” అన్నాడు గురువు.

“నువ్వు సెప్తే సాలదప్పా. వాళ్ల కాళ్లు సెప్పల్ల.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది కానీ, పట్టింది. మరుసటి రోజు నుంచి అడుగులు మొదలయ్యాయి. పది రోజుల్లో గురువు మాకు ఆటంతా నేర్పాడు. పదకొండో రోజు చెరువు కట్ట మీద సైకిలు జారి ఆయన కాలు విరిగింది. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊళ్లో ఉన్న కూతురింటికి ఆయనను తీసుకుపోయారు. జాతరకు ఇంకా నెల పైనే ఉంది. పాడేవాళ్లు లేకుండా ఆట సాగదు. మా ఎనిమిదిమందిలో ఒక్కరి గొంతూ రెండో చరణం దాకా నిలిచేది కాదు. వారం తరువాత గురువు అల్లుడు ఒక గ్రామఫోను ప్లేటు పట్టుకొచ్చాడు. నల్లగా, పళ్లెమంత ఉంది. మధ్యలో అంటించిన కాగితం మీద పేర్లు చెరిగిపోయాయి. గురువు మాకు నేర్పిన పాట అదే. ఆయన కూడా చిన్నప్పుడు ఆ ప్లేటు వినే నేర్చుకున్నాడట. “మా మామ గొంతు రాలేదు, ప్లేటన్నా వచ్చినాది. జాతర నాటికి ఆయన ఎట్లన్నా వస్తాడు,” అని చెప్పి వెళ్లిపోయాడు. ప్లేటు ఉంది, పాడించే పెట్టె లేదు. అందరం కాయలు ఒలిచిన కూలి ఒక డబ్బాలో వేశాం. చదువుల సరోజను కాబట్టి పెట్టె ఎంచుకునే పని నామీద పడింది. తోడు జేజి వచ్చింది.

తిరుపతి బస్సులో జేజి ఆ ప్లేటును పాత చీరలో చుట్టి, రెండు చేటల మధ్య పెట్టి, పురుటి బిడ్డను మోసినట్టు ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు ‘ఏంది పెద్దమ్మా అప్పడాలా?’ అంటే ‘పాట’ అంది. గోవిందరాజస్వామి గుడికి వెనకగా ఒక సందులో జోసెఫ్ అనే ఆయన రేడియోలు బాగుచేస్తూ పాత సామాను అమ్మేవాడు. గోడలనిండా విప్పేసిన రేడియోలు, కాలిన తగరం వాసన. జేజి చేటలు బల్ల మీద పెట్టి, “పాడే పెట్టె గావాలప్పా. ఈ ప్లేటును పాడల్ల,” అంది.

జోసెఫ్ ముందు టేపు రికార్డరు చూపించాడు. అప్పటికి తిరుపతిలో అందరూ అదే అడుగుతున్నారు. “దీంట్లో రిబ్బను పెట్టి నొక్కితే సాలు. మీ ప్లేటు దీనికి కుదరదు గానీ, ఎవురితోనన్నా పాడించి ఎక్కించుకోవచ్చు.”

“ఏం తింటాది ఇది?” అని అడిగింది జేజి. ఆమెకు ఏ వస్తువైనా పశువులాగే. కొనేముందు మేత సంగతి తేలాలి.

“బ్యాటరీలు. నాలుగు.”

“ఎన్నాళ్లకు నాలుగు?”

“పాడేదాన్ని బట్టి పెద్దమ్మా.”

“అంటే బాగా పాడితే బాగా తింటాదన్న మాట. పక్కన పెట్టు.”

తరువాత సూట్‌కేసులాంటి కరెంటు పెట్టె తీశాడు. మా ప్లేటు దాని మీద బ్రహ్మాండంగా పాడుతుందన్నాడు. మీ ఊళ్లో కరెంటు ఉందా అని అడిగాడు. ఉంది, చెంగల్రాయుడింట్లో, ఇంకో మూడు నాలుగిళ్లలో. మేము ఆడేది మా చెనక్కాయల కళ్లంలో. ‘అయితే ఆయన ఇంటి ముందర ఆడండి’ అన్నాడు జోసెఫ్. “ఆడొచ్చు. రోజూ ఆయన మొగం సూస్తా ఆడితే ఉండే అడుగులు కూడా మరిసిపోతారు,” అంది జేజి. ఆ పక్కన నారింజ రంగులో, చేతిసంచీ అంత ముద్దుగా ఉన్న ఒక బ్యాటరీ పెట్టె మీద నా కళ్లు నిలిచాయి. వల్లెమ్మ రంగుది తెమ్మని మరీ మరీ చెప్పింది. కానీ అది చిన్న ప్లేట్లకు మాత్రమే. మా ప్లేటు దాని మీద చెంబు మీద పళ్లెం పెట్టినట్టుంది. చివరికి జోసెఫ్ బల్ల కిందికి వంగి, దుమ్ము కొట్టుకుపోయిన ఒక నల్ల పెట్టె బయటికి లాగాడు. మూత, పిడి, పక్కన తిప్పే కీ. మా సైన్సు పుస్తకంలో బొమ్మగా వేసింది సరిగ్గా అదే. నాకు తెలిసిన మనిషి ఎదురైనట్టు అనిపించింది.

“ఇది ముసలిది పెద్దమ్మా,” అన్నాడు జోసెఫ్. “ఇట్లాంటివి ఇప్పుడు ఎవురూ అడగరు. నేనే ఊరికే ఉంచినా.”

“తినేదేంది?”

“ఏమీ తినదు. కీ తిప్పితే పాడతాది.”

“తినకుండా పాడేదయితే మా ఇంటికి సరైన సంబంధమే,” అంది జేజి.

అక్కడ నేను నా చదువు చూపించాను. ఇట్లాంటి ప్లేటు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలని పుస్తకంలో ఉంది. ఎట్లా ఎంచాలో కూడా ఉంది. బస్సు టిక్కెట్టు ముక్క చించి ప్లేటు అంచు కింద కనబడేటట్టు పెట్టాను. “సార్, మీ గడియారం ఇస్తారా? ఎంచి సూస్తాను,” అన్నాను. జోసెఫ్ నవ్వి చేతి గడియారం విప్పి ఇచ్చాడు. కీ తిప్పాడు, ముల్లు పెట్టాడు. పాట లేచింది. నేను పాట వినలేదు, టిక్కెట్టు ముక్కనే చూస్తూ ఎంచాను. డెబ్బై ఆరు వచ్చింది. రెండు తక్కువ అన్నాను. ఆయన కనుబొమలెత్తి, లోపలున్న చిన్న మీటను రవ్వంత జరిపాడు. మళ్లీ తిప్పించి, మళ్లీ ఎంచాను. నిమిషానికి సరిగ్గా డెబ్బై ఎనిమిది. నిమిషం కాగానే “సాలు సార్,” అన్నాను.

“యాడ సదివినావు పాపా ఇదంతా?”

“లైబ్రరీలో.”

“డాక్టరు నాడి పట్టినట్టు పట్టినావే!” అన్నాడు. ఆ మాట జేజి తిరుగు బస్సులో పక్కనున్న ముగ్గురికి చెప్పింది. పెట్టె కట్టి ఇచ్చేటప్పుడు జోసెఫ్ ఇంకో మాట చెప్పాడు. “ఒకటి గుర్తు పెట్టుకో. ఇరవై తిప్పులకు మించి తిప్పొద్దు. పాట నడస్తా ఉండంగా అసలే తిప్పొద్దు. లోపలి స్ప్రింగు ముసలిది. తెగిందంటే ఈ కొలతది నాకు యాడా దొరకదు.” నేను అది నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు గీతలు కూడా గీశాను.

ఆ నెల రోజులూ సాయంత్రం ఎండ తగ్గగానే కళ్లంలో చేరేవాళ్లం. పెట్టె దగ్గర జేజి కూర్చునేది. కీ తిప్పడం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ‘ఒకటీ, రెండూ’ అని పైకి ఎంచుతూ ఇరవైకి ఆగి, “సాలు, దానికీ పానం ఉంటాది,” అనేది. ఒకసారి వల్లెమ్మ దొంగతనంగా ఇరవై ఒకటోది తిప్పబోతే చేతి మీద ఒకటి తగిలింది. పెట్టెతో వచ్చిన ఇనుప ముళ్లు తొందరలోనే అయిపోయాయి. మళ్లీ తిరుపతి పోవడం కుదిరే పని కాదు. దానికీ నా పుస్తకంలో మందు ఉంది: చెట్టు ముల్లు కూడా పనికొస్తుందని రాశారు. కంచెలోని నాగజెముడు ముళ్లు కోసి, పెంకు మీద ఎండబెట్టి, సానరాయి మీద నూరి పెట్టాం. పాడింది! కాకపోతే పక్కింట్లోంచి వస్తున్నట్టు సన్నగా పాడింది. కోలల చప్పుడు దాన్ని మింగేస్తుంటే కోలలకు పాత చీర పేలికలు చుట్టాం. ఆ నెలంతా మా కోలాటం పిల్లి నడిచినట్టు సాగింది. దారిన పోయేవాళ్లు ఆగి, ఎనిమిదిమంది ఆడపిల్లలు చప్పుడు లేకుండా గంతులేయడం చూసి నవ్వి పోయేవాళ్లు.

మూడో చరణం ఎత్తుకున్నాక పాట కొంచెం బరువెక్కేది. గొంతు దిగేది. చివరి మాటలు సాగి సాగి, బావిలోంచి వచ్చినట్టు వచ్చి ఆగిపోయేవి. “అలిసిపోయినాది పాపం, మీరూ నిదానించండి మే,” అనేది జేజి. మేమూ నిదానించేవాళ్లం. మోకాళ్లు మెల్లగా వంగేవి. చివరి మూడు దెబ్బలు ఒకదానికొకటి దూరమై, మూడోది పడేసరికి అందరం తలలు వంచి నిలిచేవాళ్లం. గురువు మాకు అడుగులు తన సొంత గొంతుతో పాడుతూ నేర్పాడు. ముగింపు ఇట్లా లేదే అని మాలో ఒకరిద్దరికి అనిపించకపోలేదు. కానీ ప్లేటు గురువుకే గురువు కదా, అదే సరైనదై ఉంటుందని అనుకున్నాం. నాయన ఒక్కడే ఒక రోజు, ఎద్దులకు మేత వేసి వచ్చి గట్టు మీద కూర్చుని మొత్తం విని నోరు తెరిచాడు.

“సరోజా, కడాకు వచ్చేతలికి పాట, మిట్టెక్కే ఎద్దు మాదిరి ఉండాదే.”

“పాట కడాన అట్లే ఉంటాది నాయనా. నేను ఎంచి సూసినా గదా. డెబ్బై ఎనిమిది సరిగ్గా ఉండాది,” అన్నాను.

నాయన లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు. చదివిన కూతురి మాట మీద ఆయనకు నమ్మకం ఎక్కువ.

జాతర రోజు మధ్యాహ్నానికి ఊరు ఊరంతా గుడి ముందర ఉంది. పొంగళ్ల పొగ, వేపమండల వాసన, తలకాలే ఎండ. సత్యవేడు నుంచి నాగరాజు మైకుసెట్టు తెచ్చాడు. చెంగల్రాయుడింటి నుంచి తీగ లాగి, వేపచెట్టుకు రేకుబూర కట్టి, బల్ల మీద కరెంటు ప్లేయరు పెట్టాడు. మా పెట్టె ఇంత జనానికి వినబడదు కాబట్టి ప్లేటు అతని చేతికిచ్చాం. కోలల పేలికలు విప్పేశాం. మేము వరుస కట్టే సమయానికి మునుస్వామి గురువు కర్ర ఊతతో కుంటుతూ బస్సు దిగి వచ్చాడు. మా అందరికీ ఏడుపొచ్చినంత సంతోషమైంది. మా పెట్టె మీద మేము ఆడడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

పాట మొదలైంది. బూరలోంచి అది ఉరిమినట్టు వచ్చింది. మొదటి చరణం, రెండో చరణం అడుగు తప్పకుండా ఆడాం. కోలలు నెల రోజుల మౌనం తరువాత ఒక్కసారి గొంతెత్తినట్టు టకటకలాడాయి. మూడో చరణం ఎత్తుకోగానే మా మోకాళ్లు వాటంతట అవే నిదానించాయి. పాట నిదానించలేదు. ఆ చరణం అంత ఎత్తు గొంతులో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. పాట మమ్మల్ని దాటి పరుగెత్తింది. సగంమంది దాన్ని అందుకోవడానికి ఉరికారు, సగంమంది అలవాటు చొప్పున వంగారు. కోలలు గాలిలో తగిలాయి, ఒకటి నా మోచేతికి తగిలింది, వల్లెమ్మ చేతిలోంచి కోల జారి నేల మీద పడి టప్పుమంది. పాట ముగిసింది. మేము ఇంకా మధ్యలో ఉన్నాం.

జనంలో ఎవరో నవ్వారు. చెంగల్రాయుడు భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. “సెప్పితిని గదా. పక్కూరోళ్లకు కబురంపండప్పా,” అన్నాడు, కోపంగా కూడా కాదు. అమ్మవారి ముందు మూడు చుట్లు పూర్తి కాకుండా ఆపకూడదు కాబట్టి మిగతా రెండూ కానివ్వమన్నాడు. మాకు అవి రెండే మిగిలాయి. ఆ తరువాత మా ఊళ్లో ఏ ఆడపిల్లకూ ఏమీ మిగలదు. వల్లెమ్మ కోల తీసుకుని కన్నీళ్లు తుడుచుకుంటోంది. గురువు కుంటుతూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“ఏమ్మే, యాడ నేర్చినారు ఆ నిదానం?”

“పెట్టెలో గురువా. పెట్టె ఆడికొచ్చేతలికి నిదానిస్తాది...” అంటూనే నాకు అర్థమైంది. నిదానించింది పాట కాదు. పెట్టె. ఇరవై తిప్పుల ముసలి స్ప్రింగు మూడో చరణానికి ఊపిరి చాలక ఆగిపోతూ వచ్చింది. మేము ఆ ఆయాసాన్ని అడుగులుగా నేర్చుకున్నాం. నేను ఎంచింది మొదటి నిమిషం ఒక్కటే. పాట మూడు నిమిషాలది.

తిడతాడనుకున్నాను. ఆయన నా మొహం ఒక్క క్షణం చూసి, “మూడో చరణం ఎత్తుకోంగానేనా?” అన్నాడు. తలూపాను. “సరే. మీరు నేర్చినట్టే ఆడండి. పాట సంగతి నేను సూసుకుంటా.” కుంటుతూ పోయి నాగరాజు బల్ల పక్కన నిలబడ్డాడు. రెండో చుట్టు మొదలైంది. నేను వరుసలో ఆడుతూ ప్రతి తిరుగులోనూ ఆ బల్ల వైపే చూశాను. మూడో చరణం ఎత్తుకుంది. గురువు కర్రను చంకలో ఇరికించుకుని, కుడిచేతి చూపుడు వేలు తిరుగుతున్న ప్లేటు అంచు మీద ఆనించాడు.

“గురువా, చెయ్యి దియ్యి, మోటారు కాలిపోతాది!” అని నాగరాజు అరవడం మైకులో కూడా కొంచెం పడింది.

“నీ మోటారును గంగమ్మ సూసుకుంటాది. గమ్మునుండు.”

పాట బరువెక్కింది. అంత పెద్ద బూరలోంచి ఆ గొంతు దిగుతూ, సాగుతూ, మా కళ్లంలో దిగినట్టే దిగింది. మా మోకాళ్లు వంగాయి. ఎనిమిది జతల కోలలు, ఒకే దెబ్బ. ఇంకొంచెం దూరంలో ఇంకొకటి. ఊపిరి బిగపట్టినంత ఎడం తరువాత మూడోది. మేము తలలు వంచేసరికి పాట మట్టిలో కలిసిపోయినట్టు ఆగింది. అంత జనంలో ఎక్కడో ఒక బిడ్డ ఏడవడం మాత్రం వినిపించింది. మూడో చుట్టూ అట్లాగే అయింది.

చెంగల్రాయుడు గురువు దగ్గరికొచ్చాడు. తుండుతో మొహం తుడుచుకుంటున్నాడు. “ఇదేందప్పా గురువా, కడాన అట్లా దించేసినావు? నాకు ఒళ్లు జలదరించినాది.”

“అది అమ్మకు మొక్కే అడుగు అన్నా.”

“మరి మొదటి సుట్టు అట్లా లేదే?”

“మొదటి సుట్టు అమ్మను లేపేది. లేపేటప్పుడు ఎవురన్నా నిదానిస్తారా?”

“కోల పడినాది గదా ఆ పిల్ల చేతిలోంచి?”

గురువు రెప్ప కూడా వేయలేదు. “పడలేదన్నా. పెట్టినాది.”

చెంగల్రాయుడు కొంతసేపు గురువును, కొంతసేపు వల్లెమ్మను చూశాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. “అయితే వచ్చే ఏడు కూడా ఆ పిల్లే పెట్టల్ల,” అని వెళ్లిపోయాడు. ఆ తరువాత గురువు నన్ను పిలిచి వేలు చూపించాడు. కొన మీద చర్మం కమిలి నల్లబడింది. “అంతా ఎంచినావు గానీ, కడాదాకా ఎంచలేదు మే,” అన్నాడు. అంతకుమించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేనూ జేజికి, నాయనకు, వల్లెమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయి చిత్తూరు వచ్చాక జాతరలకు పోవడం తగ్గింది. ఈ ఏడు వల్లెమ్మ రమ్మంటే పోయాను. ఇప్పుడు గుడి ముందర నల్లటి గోడల్లాంటి స్పీకర్లు. నాగరాజు లేడు, ఆ పని అతని కూతురు భారతి చేస్తోంది. గురువు ప్లేటులోని పాట ఇప్పుడు ఆమె ఫోనులో ఉంది. అందులో ఇంకా వేల పాటలున్నాయట. మాకు ఉన్నది ఒక్కటే పాట, అది కూడా చివర ఊపిరాడని పాట. ఎన్ని ఉంటే మేలో లెక్క తేల్చడం నా వల్ల కాదు. వేల పాటలున్న పెట్టె మాకు దొరికి ఉంటే వాటిలో ఒక్కటైనా కాళ్లలోకి దిగేది కాదేమో అనిపిస్తుంది. లేదా ఒక్క తప్పు కూడా లేకుండా ఆడేవాళ్లమేమో. మొదటి చుట్టు చివర వల్లెమ్మ మనవరాలు ముందుకొచ్చి, వంగి, తన కోలను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టింది. జనం దండం పెట్టారు. వల్లెమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. రెండో చుట్టులో మూడో చరణం రాగానే భారతి ఫోను అద్దం మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపింది. పాట వేగం తగ్గి, గొంతు దిగింది.

“ఎవురు నేర్పినారమ్మా ఇట్లా వేలు పెట్టేది?” అని తరువాత అడిగాను.

“మా నాయన. ఈ కాడ వేలు పెట్టల్ల, ఇది తప్పితే ఆట సెడినట్టే అని సెప్పి సెప్పి పోయినాడు,” అంది. ఎందుకు పెట్టాలో తెలుసా అంటే, “అమ్మకు మొక్కేది గదా అవ్వా,” అని, అంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

ఆ రోజు వల్లెమ్మ ఇంట్లో సంగటి తింటూ, ఇదంతా రాస్తానని చెప్పాను. “రాయి. ఎవురు నమ్ముతారు?” అంది. ముద్ద చేతిలోనే పెట్టుకుని, “నేను కోల పడేసినానని కూడా రాస్తావా?” అంది. రాస్తానన్నాను. “అయితే చేతికి చెమట పట్టినాదని రాయి. చేతకాక పడేసినానని రాయొద్దు.”

చిత్తూరు తిరిగొచ్చాక ఆ నల్ల పెట్టె దించాను. అది నా దగ్గరే ఉంది. ప్లేటు కూడా గురువు నాకే వదిలేశాడు. కీ ఇరవై తిప్పులు తిప్పి, కాగితం ముక్క పెట్టి, ఈసారి పాట అయిపోయేదాకా ఎంచాను. మొదటి నిమిషం డెబ్బై ఎనిమిది. ఇప్పటికీ! రెండో నిమిషం డెబ్బై ఒకటి. మూడో నిమిషం నలభై దాటి ఎంచలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను, మోకాళ్లు వంగుతున్నాయి. కమిటీ వాళ్ల పుస్తకంలో ఉన్నది తప్పని ఈ పేజీల్లో చెప్పాను. ఆ ఆట తప్పని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏ పుస్తకమూ లేదు.

కృతజ్ఞతలు చెప్పవలసిన వాళ్లలో ఎక్కువమంది వినలేని చోట ఉన్నారు. అయినా చెప్తాను. అడగని పుస్తకం కూడా ఇచ్చి పంపిన సుబ్రమణ్యం సారుకు. ముసలిదాన్ని ముసలిదని చెప్పే అమ్మిన జోసెఫ్ గారికి. ఇరవై ఒకటో తిప్పు ఎవరినీ తిప్పనివ్వని మా జేజి చెంచమ్మకు. మిట్టెక్కే ఎద్దును చెవితోనే పోల్చుకున్న మా నాయన గోపాలుకు. ఆ రోజు నేను ఆయన మాట వినలేదు. తెలిసో తెలియకో నమ్మిన చెంగల్రాయుడు గారికి. మోటారు పోయినా పోనిచ్చిన నాగరాజుకు, ఆ వేలిని నిలబెట్టిన భారతికి. కమిలిన వేలితో ఒక ఊరి ఆడపిల్లలందరి కోలలూ కాపాడిన మునుస్వామి గురువుకు. చివరగా వల్లెమ్మకు, సరిగ్గా ఆ క్షణంలో చేతికి చెమట పట్టినందుకు.